పద్దెనిమిది అంగుళాల మచ్చు

నేను ఒక ఇనుప గొట్టాన్ని. పొడవు పద్దెనిమిది అంగుళాలు. ఒక కొన సూది, రెండో కొన బోలు, నడుమ పొడుగునా ఒక చీలిక. పప్పుల కొట్టు మెట్లెక్కిన వాళ్ళందరూ నన్ను చూసే ఉంటారు, పట్టించుకుని మాత్రం ఉండరు. గోనెసంచి పొట్టలో నన్ను గుచ్చి, కాస్త తిప్పి వంచితే, లోపలి గింజలు నా వెనక కొనలోంచి జారి అరచేతిలో పడతాయి. దాన్ని మచ్చు అంటారు. ఆ గుప్పెడు గింజలు చూసి లారీ సరుకు కొంటారు. మనుషులు తమ పిల్లలకు సంబంధాలు కూడా అంతకంటే ఎక్కువ చూసి కుదుర్చుకోరు కాబట్టి, ఈ పద్ధతికి నేను వంక పెట్టను.

విజయవాడ వన్‌టౌన్‌లో లారీలు బాగుచేసే మస్తాన్ అనే ఆయన నన్ను తయారుచేశాడు. అంతకుముందు నేను ఒక లారీ కింద డీజిలు మోసే పైపుని. లారీ పల్టీ కొట్టింది. నాకేమీ కాలేదు. మస్తాన్ నన్ను కోసి, ఒక కొన కాల్చి సాగదీసి, నడుమ చీల్చి, చింతపండుతో రుద్ది శేషయ్యగారి చేతిలో పెట్టాడు. కందుల వ్యాపారంలో శేషయ్యగారిది పెద్ద చెయ్యి. ఆయన నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, డీజిలు వాసన పోయేదాకా పదిరోజులు ఊకలో పాతిపెట్టించాడు. పుట్టిన పది రోజులకు మనుషులకు స్నానం చేయిస్తారు, నన్ను మాత్రం బయటికి తీశారు. పెద్ద తేడా ఏమీ లేదు.

"సంచి మూతి దగ్గర పోసేది అమ్మేవాడి ముఖం. మధ్యలో ఉండేది వాడి బుద్ధి," అనేవాడు శేషయ్యగారు. అయితే నా పొడవు తెలిసిన ఘనులు కూడా బజారులో ఉంటారు. ఒకాయన సంచిలో సరిగ్గా నా మొన తగిలే చోట మేలిమి గింజలు పోసి, చుట్టూ పుచ్చులు నింపి తెచ్చాడు. ఆ రోజు శేషయ్యగారు మోసపోయాడు. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి సంచినీ మూడు చోట్ల పొడవడం మొదలుపెట్టాడు. మోసపోయిన మనిషి చేయదగ్గ పనుల్లో అంత పొదుపైనది నేను మరొకటి చూడలేదు.

ఆయన దగ్గర గుమస్తాగా ఉన్న పానకాల్రావు సొంత కొట్టు పెట్టుకున్న రోజున, శేషయ్యగారు కొబ్బరికాయతో పాటు నన్ను కూడా ఇచ్చాడు. కొబ్బరికాయ ఆ రోజే అయిపోయింది. నేను నలభై ఏళ్ళు ఉన్నాను. ఇక మీదట నేను చెప్పేది ఎక్కువగా పానకాల్రావు సంగతే. ఎందుకంటే ఆయన నిద్రలో తప్ప నన్ను వదిలి ఉండేవాడు కాదు. బయటికి వెళితే స్కూటరు డిక్కీలో గోనెగుడ్డ చుట్టుకుని నేను ఉండాల్సిందే.

పానకాల్రావు చదివింది ఐదో తరగతి. లోకంలో ఉన్నవన్నీ సంచులేనని ఆయన నమ్మకం. కొడుకు ఫణికి సంబంధం చూసినప్పుడు పెళ్ళిచూపుల రోజున జీడిపప్పు ఉప్మా తిని వచ్చేశాడు. తరవాత ఒక మంగళవారం మధ్యాహ్నం, చెప్పకుండా, ఆ ఊళ్ళో ఏదో పని ఉన్నట్టు వాళ్ళింటికి వెళ్ళాడు. పొయ్యి మీద ముద్దపప్పు ఉడుకుతోంది. పెళ్ళికూతురు సుభాషిణి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, పక్కింటి ముసలమ్మకి పేపరు చదివి వినిపిస్తోంది. పప్పు పాలిష్ పట్టనిది. పానకాల్రావు మంచినీళ్ళు తాగి ఇంటికొచ్చి సంబంధం ఖాయం చేశాడు. అమ్మేవాడి సరుకు తెలియాలంటే వాడి ఇంట్లో ఏం వండుకుంటున్నారో చూడాలన్నది కూడా శేషయ్యగారి దగ్గర నేర్చుకున్నదే.

ఫణికీ సుభాషిణికీ ఒక్కతే కూతురు. పేరు తన్మయి. కొట్టు పైనే ఇల్లు కాబట్టి ఆ పిల్ల కందిపప్పు బస్తాల మీదే పెరిగింది. గోనెల మీద నల్లరంగుతో అచ్చువేసిన మిల్లుల పేర్లు చదువుతూనే అక్షరాలు నేర్చుకుంది. ఆరేళ్ళకు గొంతెత్తి చదివేది. హమాలీలు బస్తా దించి, "ఇదేం రాశాడమ్మా?" అని అడిగి మరీ చదివించుకునేవారు.

తొమ్మిదో ఏట ఆ గొంతు ఆగిపోయింది. ఆ పిల్ల చదివే బడిలో మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. తన్మయి మొదటి సెక్షన్ నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి నాలుగోదానికి దిగింది. నాలుగో సెక్షన్ గది మెట్ల కింద ఉంది. దిగడమంటే నిజంగానే దిగడం. ఆ తరవాత నుంచి రోజూ ఉదయం ఏడున్నరకు కడుపునొప్పి మొదలయ్యేది. ఆదివారాలు వచ్చేది కాదు. డాక్టరు రెండుసార్లు చూసి, కడుపులో ఏమీ లేదనీ, ఉన్నదేదో బడిలో ఉందనీ చెప్పాడు. పానకాల్రావు ఆ మాట నమ్మాడు. సంచి మీద ఒకసారి 'రెండో రకం' అని మార్కు పడితే, లోపలి సరుకు బంగారమైనా ఎవడూ మూతి విప్పడని ఆయనకు తెలుసు. జూన్‌లోపు ఇల్లు మారాలి, బడి మారాలి అని ఆ రోజే తేల్చేశాడు.

అందరూ సరే అన్నారు. అక్కడితో ఇంట్లో శాంతి పోయింది.

ఫణి పోరంకి దాటాక కొత్తగా కట్టిన ఒక గేటెడ్ కమ్యూనిటీ చూశాడు. పేరు చెప్పను. సరుకు ఎలాంటిదైనా సంచి మీది మార్కు బయటపెట్టకపోవడం మా వ్యాపార మర్యాద. ముఖద్వారం దగ్గరే స్విమ్మింగ్ పూల్. పది బడుల బస్సులు గేటు దాకా వస్తాయి. పిల్ల సాయంత్రం వచ్చి నీళ్ళలో దిగితే మెట్ల కింద గదిని మరిచిపోతుందని ఫణి వాదన. సుభాషిణి చూసింది కానూరు వెనక ఒక పాత ఇల్లు. రెండు గదులు, ఒక పెరడు, వాన పడితే వంటింట్లో రెండు చుక్కలు. కానీ సందు చివరే ఒక పేరున్న బడి. నడిచి రాగలిగే పిల్లలకు ముందు సీట్లు ఇస్తారు, ఏప్రిల్ ఆఖరుకు తలుపులు మూసేస్తారు.

"ఈత ఎక్కడైనా నేర్చుకోవచ్చు. చదువు ఎక్కడపడితే అక్కడ వస్తుందా?" అంది సుభాషిణి.

"బస్సెక్కితే చదువు వస్తుంది. బస్సెక్కితే ఈత రాదుగా," అన్నాడు ఫణి.

ఈ రెండు మాటలనే వాళ్ళిద్దరూ మూడు వారాలపాటు రకరకాలుగా చెప్పుకున్నారు. అన్నం దగ్గర చెప్పుకున్నారు, స్కూటరు మీద చెప్పుకున్నారు, ఒక పెళ్ళి భోజనాల వరసలో అటూ ఇటూ కూర్చుని మధ్యలో ఉన్న నలుగురి మీదుగా కూడా చెప్పుకున్నారు. ఆ నలుగురూ తమ అభిప్రాయాలు కలిపారు. ఇల్లు కొనేవాడికి సలహా ఇవ్వడానికి ఇల్లు ఉండనక్కరలేదు. చివరికి ఇద్దరూ పానకాల్రావు దగ్గరికి వచ్చి ఆయన ఏది చెబితే అదేనన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే తమ మాటే చెబుతాడని ఇద్దరికీ నమ్మకం ఉన్నట్టుంది.

ఆదివారం అందరూ కలిసి పోరంకి వెళ్ళారు. టై కట్టుకున్న కుర్రాడు చల్లని మజ్జిగ ఇచ్చి పూల్ చూపించాడు. నీలంగా, నలగని పట్టుచీరలా ఉంది. పక్కన తెల్ల గొడుగులు. తన్మయి ఒడ్డున కూర్చుని ఒక కాలివేలు ముంచి తీసింది. ఫణి ఆ కాలివేలి వైపు చూపిస్తూ తండ్రి ముఖంలోకి చూశాడు. పానకాల్రావు మజ్జిగ బాగుందని చెప్పి వచ్చేశాడు.

మంగళవారం మధ్యాహ్నం ఒక్కడే మళ్ళీ వెళ్ళాడు, నన్ను తీసుకుని. గొడుగులు మడిచి ఉన్నాయి. పూల్ చుట్టూ ఇనుపజాలీ, దానికి తాళం. ఎండాకుల్ని ఊడుస్తున్న మరియమ్మ అనే ఆవిడ ఆయన్ని చూసి ఎవరి తాలూకు అని అడిగింది. కొనడానికి వచ్చానని చెబితే తాళం తీసింది. పిల్లలు దిగే వైపు నీళ్ళు మోకాలి లోతు ఉంటాయి. పానకాల్రావు పంచె పైకి కట్టి, ఒడ్డున గొంతుక్కూర్చుని, ఒక మూలన నన్ను నీళ్ళలోకి గుచ్చాడు.

నలభై ఏళ్ళలో నేను నీళ్ళను మచ్చు తీయడం అదే మొదలు. నీళ్ళు మచ్చుకు లొంగవు, చీలికలోంచి జారిపోతాయి. జారిపోనిదేదో అదే మిగులుతుంది. ఆయన నన్ను పైకి తీసి వంచితే అరచేతిలో వేలెడు పాచి, కాస్త ఇసుక, ఒక బీరు సీసా మూత పడ్డాయి. పానకాల్రావు వాటిని కందుల్ని చూసినట్టే వేలితో విడదీసి చూసి, వాసన చూశాడు.

"నీలమంతా నేల పలకలదండీ బాబుగారూ. నీళ్ళకి రంగెక్కడుంటది?" అంది మరియమ్మ.

"పిల్లలు ఎప్పుడు దిగుతారు?"

"దిగనివ్వరండీ. దిగితే మురికైపోతయ్యంట. శనోరం పొద్దున ట్యాంకరొచ్చి మారుస్తది, ఆదోరం మీలాంటోళ్ళు వస్తారుగా. ఇది ఈత కొట్టడానిక్కాదండీ, ఇళ్ళు అమ్ముడుపోవడానికి."

పానకాల్రావు ఆవిడకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆవిడ కంగారుపడింది. సరుకు గురించి నిజం చెప్పినవాళ్ళకు ఆయన ఎప్పుడూ నమస్కారం పెడతాడు. అలాంటి అవసరం ఏడాదికి రెండుసార్లకు మించి పడదు.

ఇక బడి. శనివారం కానూరు వెళ్ళాడు. గేటు మీద పెద్ద హోర్డింగు. దాని నిండా పిల్లల ముఖాలు, ఒక్కొక్కటీ బస్తా మూతంత. కింద మార్కులు. పానకాల్రావు దాని వైపు చూడనైనా చూడలేదు. అది సంచి మూతి. నేరుగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళి, నాలుగో తరగతిలో ఎంతమంది ఉన్నారని అడిగాడు. నలభై నలుగురని చెప్పారు.

"అయితే ఇరవై రెండో పిల్లదో పిల్లాడిదో పుస్తకం ఒకటి చూపించండి. మొదటివాడిదీ వద్దు, ఆఖరివాడిదీ వద్దు," అన్నాడు.

ప్రిన్సిపాలు నవ్వి గంట కొట్టాడు. పుస్తకం వెంటనే వచ్చింది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. అడిగిన వెంటనే వచ్చే మచ్చును శేషయ్యగారు చేత్తో ముట్టుకునేవాడు కాదు. కానీ నేను గోనెగుడ్డలో ఉన్నాను, అనుమానపడే పని పానకాల్రావుది.

ఆయన అట్ట తెరిచాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. గీతకు గీత, మార్జినుకు మార్జిను. ప్రతి పేజీ కింద ఒక టిక్కు. ఒక్క కొట్టివేత లేదు. సంచి మధ్యలో ఉన్న సరుకే ఇలా ఉంటే! పానకాల్రావు పుస్తకం మూసి, రెండు చేతులా ఎత్తి, కళ్ళకద్దుకున్నాడు.

మా పానకాల్రావు చేసిన తప్పు అదే. కంది గింజను కొరికి చూసేవాడు, పసుపు కొమ్మును విరిచి చూసేవాడు, పూల్లో పాచిని వాసన చూసినవాడు, పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కళ్ళకద్దుకున్నాడు. కళ్ళకద్దుకున్న వస్తువును ఎవరూ పరీక్షించరు. ఐదో తరగతిలో ఆగిపోయినవాళ్ళకు ఆ అలవాటు మరీ గట్టిగా ఉంటుంది.

మచ్చు కొనేవాడి సొత్తు కాబట్టి పుస్తకం తీసుకెళ్తానన్నాడు. ప్రిన్సిపాలుకు ఆ ఆచారం తెలియదు. అయినా, పోయిన ఏడాది పుస్తకమే కదా అని ఇచ్చేశాడు. బడిలోంచి బయటికి వచ్చి నాలుగు అడుగులు వేసి, పాత ఇంటి యజమాని కూర్మారావు చేతిలో చెయ్యి వేసి, ఇల్లు కొంటున్నానని చెప్పాడు పానకాల్రావు. కూర్మారావు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆ సాయంత్రమే ఇంకో బేరం వస్తే వద్దని పంపేశాడు. మా బజారులో చేతిలో చెయ్యి వేస్తే సరుకు దించుకోవాల్సిందే. పానకాల్రావు నలభై ఏళ్ళలో వేసిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఆదివారం. కడుపునొప్పి లేని రోజు. తన్మయి కొట్లో బస్తాల మీద బోర్లా పడుకుని కాళ్ళూపుతోంది. పానకాల్రావు పుస్తకం తెచ్చి చూపించి, ఇక మీదట నువ్వు కూడా ఇలా రాయాలమ్మా అన్నాడు. ఆ పిల్ల పేజీలు తిప్పింది. మరీ నెమ్మదిగా కూడా తిప్పలేదు.

"తాతయ్యా, ఇది చూపించే పుస్తకం."

"చూపించే పుస్తకమేంటే?"

"పెద్దవాళ్ళొచ్చి అడిగితే చూపించేది. టీచరు బోర్డు మీద రాస్తే చూసి రాస్తాం. తప్పొస్తే పేజీ చించేసి మళ్ళీ రాయిస్తారు. నేర్చుకునేది వేరే పుస్తకంలో ఉంటుంది. అది ఎవరికీ చూపించకూడదు."

"నీకెలా తెలుసు?"

"ఒక్కటి కూడా కొట్టెయ్యలేదుగా," అంది తన్మయి. "మా సెక్షన్లో అందరికన్నా నేనే బాగా రాస్తాను చూపించే పుస్తకం. అది చూసి మా డాడీ నాకు చదువొచ్చనుకున్నారు, రెండేళ్ళు."

పానకాల్రావు పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. తరవాత లేచి, ఒక బస్తాలోంచి ఒక గుప్పెడు, ఇంకో బస్తాలోంచి ఒక గుప్పెడు కందిపప్పు తీసి బల్ల మీద పోశాడు. ఒక కుప్ప మసకగా, గింజకో రకంగా, అక్కడక్కడ పొట్టు అంటుకుని ఉంది. రెండోది నూనె తగిలించి పాలిష్ పట్టింది. గింజ గింజకీ ఒకే మెరుపు. అన్ని గింజలూ ఒక్కలా మెరిసేది పంట కాదు, మర అని ఊరందరికీ చెప్పే మనిషి, బల్ల మీద ఆ కుప్పనూ పక్కన ఆ పుస్తకాన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. మనవరాలు పాలిష్ పట్టని గింజలు ఏరుకుని నోట్లో వేసుకుంటోంది.

ఆ సంగతి తెలిసి సుభాషిణి ముఖం తెల్లబోయింది. ఈ బడి ఎంచింది తను. ఇది కూడా ఆ మెట్ల కింద గదిలాంటిదే అయితే, పిల్లకి మళ్ళీ గొంతు వస్తుందని చెప్పడానికి ఇక ఏమీ మిగలదు. అడ్మిషన్లకు ఇంకా నాలుగు రోజులే గడువు. ఫణి కూడా ఆ రోజు పూల్ మాట ఎత్తలేదు. అంతవరకూ మంచివాడే.

"మావయ్యగారూ, చేతిలో చెయ్యేశారు కదా. ఇప్పుడెలా?" అంది సుభాషిణి.

"చెయ్యి వేసింది ఇంటికమ్మా. పిల్లని ఇంకా వెయ్యలేదు," అన్నాడు పానకాల్రావు. కానీ ఆ మాట ఆయనకే బలంగా వినిపించలేదని నాకు తెలుసు. బడి కోసం తప్ప ఆ ఇంట్లోకి వాన చుక్కల కోసం ఎవరూ వెళ్ళరు. బడి చెడ్డదైతే వెయ్యకూడని చోట చెయ్యి వేసినట్టు. తీసుకుంటే మాట పోతుంది, ఉంచితే పిల్ల పోతుంది.

సోమవారం ఉదయం పానకాల్రావు ప్రిన్సిపాలు బల్ల మీద ఆ పుస్తకం పెట్టి, ఇది పాలిష్ సరుకు, అసలుది చూపించమన్నాడు. ప్రిన్సిపాలుకు కోపం వచ్చింది. కోపంలో కూడా తెలివిగానే మాట్లాడాడు.

"మీరు పప్పుల వ్యాపారం అన్నారు కదా. పాలిష్ పట్టిన పప్పు అమ్మరా?"

"అమ్ముతాం."

"ఎందుకు?"

"అడుగుతారు కాబట్టి."

"నన్నూ అడుగుతారండీ. ఆ చూపించే పుస్తకం లేకపోతే మీరే మొన్న చెయ్యి వేసేవారు కాదు."

ఇందులో ఒక్క మాటైనా అబద్ధం లేదు. నలభై ఏళ్ళలో ఇంత చక్కటి బేరగాణ్ణి నేను చూడలేదు. పానకాల్రావు తల ఊపాడు.

"నిజమే. కానీ మా ఇంట్లో మాత్రం అది ఉడకదు. మీ ఇంట్లో ఉడికేది చూపించండి. లేదంటే ఈ పిల్లని ఎక్కడ వెయ్యాలో నాకు తెలియదు. అది తొమ్మిదేళ్ళకే నోరు మూసుకుంది."

ప్రిన్సిపాలు కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. తన కొడుకు హైదరాబాదులో హాస్టల్లో చదువుతున్నాడని, కాబట్టి తన ఇంట్లో ఏం ఉడుకుతోందో తనకూ సరిగ్గా తెలియదని, గోడ వైపు చూస్తూ చెప్పాడు. తరవాత దమయంతి టీచరు గదికి వెళ్ళమన్నాడు.

దమయంతి టీచరు నాలుగో తరగతికి లెక్కలూ తెలుగూ చెబుతుంది. బల్ల మీద ఎర్ర సిరా బుడ్డి. ఇంకా సిరా పోసుకునే పెన్నుతోనే దిద్దుతుంది. గది మూలన పిల్లల పుస్తకాలు, అట్టలు చిరిగి, మూలలు మడతపడి, పురికొసతో కట్టలు కట్టి ఉన్నాయి. పానకాల్రావు విషయమంతా చెప్పి, తనే ఏరుకోవచ్చా అని అడిగాడు. ఏరుకోండి అంది. అప్పుడాయన గోనెగుడ్డ విప్పి నన్ను బయటికి తీశాడు. టీచరు కళ్ళజోడు సవరించుకుంది గానీ ఏమీ అడగలేదు. చిన్నపిల్లలతో ముప్ఫై ఏళ్ళు గడిపినవాళ్ళు తొందరగా ఆశ్చర్యపోరు.

ఆయన నన్ను కట్టలో ఒకచోట దూర్చాడు, నేను తగిలిన పుస్తకం లాగాడు. ఇంకోచోట దూర్చి ఇంకోటి, అడుగున దూర్చి మూడోది. శేషయ్యగారి లెక్క. ఈసారి కళ్ళకద్దుకోలేదు. బల్ల మీద పరిచి, వేలు పెట్టి, వరస వరసా చూశాడు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఒక మూల పిల్లి బొమ్మ, దాని పక్కన ఎర్ర సిరాతో 'బాగుంది, కానీ లెక్క ఏది?' అని. మూడో పుస్తకంలో నీలం సిరా కంటే ఎర్ర సిరాయే ఎక్కువ. ఒక పరీక్షలో ఇరవై అయిదుకు పదకొండు. కింద టీచరు రాసింది: 'ఏడో ఎక్కం మళ్ళీ అడుగుతాను. భయపడకు.' పానకాల్రావు పేజీ తిప్పాడు. వారం తరవాతి తేదీ. 'అడిగాను. వచ్చింది.'

అట్ట తిప్పి పేరు చూశాడు. లాస్య అని ఉంది.

"మా మనవరాలండీ. ఈ బళ్ళోనే చదువుతోంది," అంది దమయంతి టీచరు.

"మీ మనవరాలికి కూడా పదకొండేనా?"

"వచ్చినవి పదకొండేనండీ."

పానకాల్రావు ఆ పుస్తకం కట్టలో మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాడు. ఇక్కడ మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారా అని ఒక్కటే అడిగాడు. రెండే సెక్షన్లనీ, పిల్లల పేర్ల అక్షరాల వరసలో కూర్చోబెడతామనీ చెప్పింది. ఆయన చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆ ఏడాదికి అది రెండోది. బయటికి వచ్చి, ఆ పాలిష్ పుస్తకం ప్రిన్సిపాలు బల్ల మీదే వదిలేసి, తన్మయి పేరు రాయించాడు.

మే నెలలో ఇల్లు మారాం. పాత బజారులో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి గింజలో తేమ కూడా అంకెల్లో చెబుతున్నాయి. కొట్టు ఫణి చూసుకుంటున్నాడు. నేను కొత్తింటి అటక మీద చీపుర్ల పక్కన పడి ఉన్నాను. తుక్కు కొనేవాడు ఒకసారి నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. మనుషుల్ని ముసలితనంలో ఎందుకూ పనికిరారని అంటారు గానీ, ఎవరూ చేత్తో ఎత్తి బరువు చూడరు. ఆ విషయంలో వాళ్ళు అదృష్టవంతులు.

కానీ ఫణి మనసులో పూల్ మాట అలాగే ఉండిపోయింది. పిల్లకి ఈత, పిల్లకి నీళ్ళు అని రోజూ ఒకసారైనా అనేవాడు. చివరికి పానకాల్రావు మేస్త్రీని పిలిచి పెరట్లో ఒక సిమెంటు తొట్టి కట్టించాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. లోతు ఎంత పెట్టమంటారని మేస్త్రీ అడిగితే, పానకాల్రావు అటక మీంచి నన్ను దింపి నిలబెట్టి చూపించాడు. అలా ఆ ఇంటి స్విమ్మింగ్ పూల్‌కు నేనే కొలత. నీళ్ళు పడడానికి ధార కావాలంటే, ఆకురాయితో నా మొన అరగదీసి, నన్నే గోడలో బిగించమన్నాడు. ఇన్నాళ్ళూ మొనతో తీసుకుని వెనకనుంచి ఇచ్చాను. ఇప్పుడు వెనకనుంచి తీసుకుని మొనతో ఇస్తున్నాను. ఫణి ఆ తొట్టిని చూసి, ఇందులో ఈత ఎలా కొడుతుందని అడిగాడు.

"కొట్టదు. దిగుతుంది," అన్నాడు పానకాల్రావు. "నీ పూల్లో అది కూడా లేదుగా."

బడి తెరిచిన మొదటి వారం ఇంట్లో అందరూ ఏడున్నర కోసం ఎదురుచూశారు. కడుపునొప్పి కూడా అలవాటు కొద్దీ రెండు రోజులు వచ్చింది. మూడోరోజు ఏడున్నరకు తన్మయి చెప్పులు దొరకడం లేదని వెతుక్కుంది. కడుపు గుర్తులేదు. చెప్పులు మాత్రం మంచం కింద ఉన్నాయి.

జులైలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆ పిల్ల తొట్టిలో నడుముదాకా కూర్చుని, తను రాసుకున్న నోటు పుస్తకం తొట్టి అంచు మీద పెట్టుకుని పాఠం చదువుతోంది. పైకి చదువుతోంది. మొదట గొణుగుడుగా, తరవాత వంటింట్లో ఉన్న వాళ్ళమ్మకు వినిపించేలా, కాసేపటికి సందులో వెళ్ళేవాళ్ళకు కూడా వినిపించేలా. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పానకాల్రావు పెరటి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా వింటున్నాడు. పేజీ తిప్పబోయి తన్మయి చెయ్యి జారింది, పుస్తకం తొట్టిలో పడింది.

ఆయన గబగబా వచ్చి తీసేలోపు దమయంతి టీచరు దిద్దిన చోటల్లా ఎర్ర సిరా వదిలింది. నా ధార కింద నీళ్ళు కాసేపు లేత ఎరుపుగా తిరిగాయి. తన్మయి తిడతారేమోనని తాతయ్య ముఖంలోకి చూసింది. పానకాల్రావు తడిసిన పుస్తకం పక్కన ఆరబెట్టి, గొంతుక్కూర్చుని, అరచేయి ముంచి ఆ నీళ్ళు తీసుకున్నాడు. ఎండకెత్తి పట్టుకుని, తిప్పి చూశాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయేదాకా చూశాడు.

"సరుకు అసలుదే," అన్నాడు. "నువ్వు చదువు."